లంగరు పట్టింది

"దీన్ని లంగరంటరా బావా? బాయిల పడ్డ బొక్కెన తీసే పాతాళగరిగె లెక్కున్నది!"

నర్సింగం ఒడ్డున నిలబడి పడీపడీ నవ్వాడు. తీతుకు మండింది. మూడు ఆదివారాలు ఇనుము కాల్చి, వంచి చేసిన లంగరు అది. నాలుగు పలచటి గోర్లు, వాటికి రెండు బారల గొలుసు, ఆపైన తాడు.

"నవ్వు, నవ్వు. నీదేంది మరి? బొగ్గు టబ్బు చక్రానికి తాడు కట్టుకొచ్చినవ్. గది లంగరు కాదు, గుదిబండ."

"ముప్పై కిలోలు! ఏ గాలొచ్చినా కదులది."

"ఇక్కడ అడుగంత ఒండ్రు బావా. ఒండ్రుల బరువు జారుతది, గోరయితే దిగవడతది. నిలవెట్టేది బరువు కాదు, పట్టు."

"మీ లంగర్ల పంచాయితి ఒడిసిందా?" తీతు భార్య లిల్లీ చర్చికి కట్టుకున్న చీరతోనే పడవెక్కి కూర్చుంది. "అటు మబ్బు చూసిన్రా?"

ఇద్దరూ చూడలేదు. ఇద్దరూ గోదావరిఖని గనుల్లో ఫిట్టర్లు. కొత్త బ్యారేజీ వెనుక గోదావరి నిండుగా నిలిచిన మొదటి వానాకాలం అది. సరదాకు ఎవరి పడవ వాళ్లు చేసుకున్నారు. ఒకరు చేసిన పనిని ఇంకొకరు ఏనాడూ మెచ్చుకున్నది లేదు.

రెండు పడవలూ నది మధ్యకు వెళ్లాక నర్సింగం తన చక్రాన్ని ధబేలుమని పడేసి, తాడు పొట్టిగా లాగి కట్టేశాడు. కాస్త ఎగువన తీతు తన లంగరును మెల్లగా అడుగుకు దించాడు. పడవను వెనక్కి జారనిస్తూ, లోతుకు అయిదింతల తాడు వదిలి, గట్టిగా ఒక గుంజు గుంజి ముక్కుకు కట్టాడు. ఒడ్డు మీది కరెంటు స్తంభం, దూరాన ఉన్న పొగగొట్టం ఒకే వరుసలో కనబడుతున్నాయి. ఆ వరుస తప్పనంతసేపూ లంగరు పట్టు మీద ఉన్నట్టే.

ఎక్కడో సైరన్ మోగింది.

"షిఫ్టు సైరనా?" అంది లిల్లీ.

"మూడు దాటింది, గిప్పుడేం షిఫ్టు?" అన్న తీతు అంతలోనే ఆగిపోయాడు. దిగువన ఉన్న బ్యారేజీ వైపు చూశాడు. "గేట్లు ఎత్తుతున్నరు."

అంతవరకూ చెరువులా పడి ఉన్న నీళ్లు కదిలాయి. పడవ పక్కల నుంచి నురగ గీతలు దిగువకు పరుగెత్తాయి. వెనుక నుంచి, బ్యారేజీ వైపు నుంచి, హోరు మొదలైంది. వాన కూడా అప్పుడే దిగింది.

"తీతూ! జారుతున్న!"

నర్సింగం పడవ దూరమవుతోంది. చక్రం ఒండ్రులో ఎక్కడా ఆగడం లేదు. అతను తెడ్లు ఎంత వేసినా పడవ ముక్కు కూడా తిరగడం లేదు.

తీతు రెండో తాడు కొసను తన పడవ వెనుక కట్టి, మిగతాది చుట్టి విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి నర్సింగం ఒడిసి పట్టుకుని, తన పడవ ముక్కుకున్న కడియానికి ముడి వేశాడు. తాడు బిగుసుకుంది. రెండు పడవలూ ఒక్క లంగరు మీద నిలబడ్డాయి.

"ఫికర్ జెయ్యకు బావా! నా గోర్లు పట్టినయంటే ఇడువవు!" అరిచాడు తీతు.

ముక్కు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని లంగరు తాడు మీద చెయ్యి వేశాడు. తాడు అరచేతిలో గజగజ వణికింది. తలెత్తి చూశాడు. స్తంభం పొగగొట్టాన్ని దాటిపోయింది. లంగరు జారుతోంది.

మిగిలిన తాడంతా వదిలాడు. ఒక్క క్షణం ఆగింది. మళ్లీ వణుకు.

"రెండు పడవలను ఆపలేదయ్యా అది!" లిల్లీ గొంతు చీలిపోయింది. "ఆ తాడు ఇప్పెయ్!"

"అటు మనిషున్నడే!"

"ఇటు మనం లేమా? ఇంట్ల పిల్లలు లేరా? ఇప్పెయ్యయ్యా, నీ కాళ్లు మొక్కుత!"

ఆ కేక నీళ్ల మీద ఎంత దూరం పోయిందో ఆమెకు తెలియదు. తీతు ఆమె వైపు చూడలేదు. వెనక్కి తిరిగితే తన చెయ్యే ఆ ముడి మీదికి పోతుందేమోనని భయపడ్డాడు. రెండు చేతులా లంగరు తాడు పట్టుకుని, పళ్లు బిగించి, గుంజుతూనే ఉన్నాడు. లిల్లీ మొహం కొంగులో దాచుకుని ప్రార్థన మొదలుపెట్టింది. హోరు ఇప్పుడు చెవుల్లోనే ఉన్నట్టుంది.

ఉన్నట్టుండి తాడు వణకడం మానేసింది.

తీతు ఊపిరి బిగబట్టాడు. పది లెక్కపెట్టాడు. ఇరవై. పడవ ముక్కు ప్రవాహానికి ఎదురు నిలిచి, కొట్టిన గుంజలా ఆగిపోయింది. వానలో మసకగా కనబడుతున్న స్తంభం ఉన్నచోటే ఉంది.

"పట్టింది!" పిచ్చిగా నవ్వాడు. "లిల్లీ, పట్టిందే! దిగవడ్డయి గోర్లు! నర్సింగం బావా, చూసినవా? పాతాళగరిగె అంటివి గద! ఇప్పుడేమంటవ్?"



తీతు తిరిగి చూశాడు. వెనుక వాన తప్ప ఏమీ లేదు. లిల్లీ రెండో తాడును లాగింది. అది బరువు లేకుండా, సులువుగా వచ్చేసింది.

తాడు తెగలేదు; అవతలి కొసన నర్సింగం వేసుకున్న ముడి విప్పి ఉంది.