పాత సైలెన్సర్

"పనిలో ఉంటే ఫోన్ చెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి!" అని కూతుర్ని కసిరి, మెకానిక్ మళ్ళీ స్పోర్ట్స్ కారు కిందికి దూరాడు. పొద్దున్నించీ వంచిన నడుం ఎత్తకుండా పనిచేసి ఒళ్ళంతా పులిసిపోయింది.

"పోయిన నెలేగా సార్, ముచ్చటపడి ఈ కొత్త ఎగ్జాస్ట్ వేయించుకున్నారు? సౌండ్ అదిరిపోయిందని మురిసిపోయారు కూడా. మళ్ళీ ఆ పాత సైలెన్సరేంటి?" అన్నాడు విసుగ్గా.

పక్కనే నిలబడ్డ కారు యజమాని నిట్టూర్చాడు. "వీధి మలుపు తిరిగేసరికే నేనొస్తున్నట్టు ఇంట్లో తెలిసిపోతోందయ్యా."

"మంచిదేగా, గేటు తీసి పెడతారు."

"తీసే ఉంచుతున్నారు. నేను వెళ్ళేసరికి పిల్లలు పుస్తకాల ముందు, మా ఆవిడ వంటింట్లో. అంతా గప్‌చుప్. ఇల్లు దారిలో పడిందనుకున్నా." ఆయన గొంతు తగ్గించాడు. "నిన్న కారు నీ దగ్గర వదిలేసి నడిచి వెళ్ళాను. గుమ్మం దాకా నవ్వులే. నేను కనపడగానే ఆగిపోయాయి."

మెకానిక్ చేతిలో స్పానర్ ఆగింది. "మరి సైలెన్సర్ మార్చి ఏం లాభం సార్?"

"గుమ్మం దాకా అయినా వినొచ్చుగా."

మెకానిక్ కారు కిందనుంచి మెల్లగా బయటికొచ్చాడు. చేతులు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇందాక ఎందుకు చేశావు తల్లీ? ఏమైనా తిన్నావా?"

అటునుంచి కూతురి గొంతు అనుమానంగా పలికింది.

"ఎవరండీ మీరు? మా నాన్న ఫోను మీ దగ్గరికెలా వచ్చింది?"