మెడలో గంట

“పిల్లకి మాత్రం చెప్పకండి, టీచరమ్మా,” అన్నాడు ఫోనులో మీరిమ్ బాబాయి కుబాత్. “మా అన్న నిన్న సాయంత్రం పోయాడు. మందని మళ్లించుకొస్తూ గుర్రం మీదే ఒరిగిపోయాడు.”

దమీరా గడియారం వంక చూసింది. టైము ఏడున్నర. పది గంటలకి మీరిమ్‌కి పరీక్ష.

“చెప్పకపోతే ఎలాగండీ? కన్నతండ్రి.”

“చెప్పేది మేం. పెద్దవాళ్లం నలుగురం బయల్దేరుతున్నాం, మధ్యాహ్నానికి దిగుతాం. అది వచ్చాకే మట్టి. చావుకబురు ఫోనులో చెప్పే ఇల్లు కాదు మాది. పైగా ఇప్పుడే చెబితే పరీక్ష వదిలేసి పరిగెత్తుకొస్తుంది. ఆ సీటు కోసమే కదా మా అన్న కలవరించింది. మీ చేతుల్లో పెడుతున్నాను.”

ఫోను పెట్టేశాడు. పెట్టేవాడికేం, పట్టుకునే చేతులకి కదా తెలిసేది.

కొండల మధ్య ఆ చిన్న విశ్వవిద్యాలయంలో ఏటా వేసవిలో గొర్రెల కాపరుల పిల్లలకి ఆరువారాలు ఇంగ్లీషు చెబుతారు. చివరి రోజు రాజధాని బిష్కెక్ నుంచి పరీక్షకుడు వచ్చి ఒక్కొక్కరితో ఒక చీటీ తీయించి, అందులో ఉన్న విషయం మీద మాట్లాడించి చూస్తాడు. మొదట వచ్చిన ఒక్కరికి నాలుగేళ్ల చదువు ఉచితం. మిగతావాళ్లు మళ్లీ గొర్రెల వెనకే.

ఆ ఆరువారాలూ ఆవరణలో కిర్గిజ్ మాట వినపడకూడదు. నోరు జారినవాళ్లు తరగతి గోడమేకుకి వేలాడే గొర్రె గంట మెళ్లో వేసుకుని సాయంత్రం దాకా తిరగాలి. మొదటి రోజు అలవాటుకొద్దీ దమీరాని ‘ఎజే’ అని, అంటే అక్కా అని, పిలిచి సగం తరగతి ఆ గంట కట్టించుకుంది. మీరిమ్ ఒక్కతే ఇంతవరకు దాన్ని ముట్టుకోలేదు. ‘ఈ పిల్ల కలలు కూడా ఇంగ్లీషులోనే కంటుందిరా’ అని తోటివాళ్లు ఏడిపించేవారు.

దమీరా పరీక్ష గదిలోకి వెళ్లి చీటీల కట్ట విప్పింది. ‘నా కుటుంబం’ అన్న చీటీ వెతికి తీసి కోటు జేబులో కుక్కుకుంది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో పరీక్ష చీటీ దొంగిలించడం అదే మొదలు.

బయటికి రాగానే వరండాలో మీరిమ్ ఎదురైంది. రెండు జడలూ బిగించి వేసుకుంది.

“టీచర్, పొద్దున టీ తాగలేదా? మొహం అలా ఉందేం?” అంది ఇంగ్లీషులోనే.

“తలనొప్పి.”

“ఓ,” అని ఆ పిల్ల ఆవిడ కళ్లలోకి ఒక్క క్షణం చూసి తల దించుకుంది. దమీరా చరచరా వెళ్లిపోయింది. రేపు ఈ పిల్ల మొహం ఎలా చూడాలి? చావుకబురు దాచిన మనిషినని జన్మంతా అనిపించుకోవాలి కదా.

పరీక్షకుడి పక్కన దమీరా మార్కుల కాగితాలతో కూర్చుంది. వరసలో మీరిమ్ ఏడోది. వచ్చింది, కూర్చుంది, చీటీ తీసింది. ‘వేసవిలో ఒక రోజు.’ దమీరా ఊపిరి పీల్చుకుంది.

“వేసవిలో మా నాన్న కొండ మీద మంద దగ్గర ఉంటాడు,” అని మొదలుపెట్టింది మీరిమ్.

తప్పించాననుకున్నదే ఎదురొచ్చి కూర్చుంది. దమీరా బల్ల అంచు పట్టుకుంది.

“గుడారం దగ్గర ఫోను పలకదు. అందుకని రోజూ తెల్లవారుజామునే గుర్రమెక్కి కొండ కొనకి వెళ్లి నాకు ఫోన్ చేస్తాడు. ఒక ఇంగ్లీషు మాట చెప్పమంటాడు. చెబుతాను. ఆయనకి ముక్క అర్థం కాదు. ‘విన్నావా, మన పిల్ల’ అని గుర్రానికి చెప్పుకుంటాడు.”

పరీక్షకుడు నవ్వాడు. “ఇవాళ కూడా చేశారా మీ నాన్నగారు?”

దమీరా చేతిలో కలం ఆగిపోయింది.

“చేశాడండీ,” అంది మీరిమ్. గొంతు ఎక్కడా తొణకలేదు. “ఏది ఏమైనా పరీక్ష అయ్యేదాకా మధ్యలో లేవొద్దన్నాడు.”

నిన్న పోయిన మనిషి ఇవాళెలా ఫోన్ చేస్తాడు? మార్కుల కోసం కల్పిస్తోంది, పిచ్చిపిల్ల. కల్పించనీ. ఆ మనిషి ఇంక ఏ కొండా ఎక్కబోడని దానికేం తెలుసు? కళ్లు తుడుచుకుంటే పిల్ల కనిపెడుతుందని దమీరా కాగితాల్లోకి వంగి కూర్చుంది.

పరీక్షకుడు ఇంకో పది ప్రశ్నలు వేశాడు. పదింటికీ తడుముకోకుండా చెప్పింది. అందరూ అయ్యాక ఆయన రెండో ఆలోచన లేకుండా మీరిమ్ పేరు రాసి, కింద సంతకం పెట్టి లేచాడు.

అప్పటికే గేటు బయట పాత జీపు ఆగి ఉంది. తెల్లటి ఉన్ని టోపీలు పెట్టుకున్న నలుగురు పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దిగుతున్నారు. కిటికీలోంచి వాళ్లని చూసి దమీరా మీరిమ్‌ని ఖాళీ తరగతిలోకి పిలిచి కూర్చోబెట్టింది. కిటికీకి అడ్డంగా తను నిలబడింది. మంచి కబురు ముందు చెబుదామనుకుంది. రెండోది ఆ పెద్దవాళ్ల పాలు.

“సీటు నీకే వచ్చింది, మీరిమ్.”

“థాంక్యూ, టీచర్.” ఆ పిల్ల నవ్వలేదు. “పరీక్ష పూర్తిగా అయిపోయినట్టేనా? ఇంక ఎవరూ ఏమీ అడగరా?”

“అడగరమ్మా. కాగితం మీద సంతకం కూడా పడిపోయింది.”

“అయితే లేవొచ్చు.”

మీరిమ్ లేచింది. గోడ దగ్గరికి వెళ్లి మేకుకి వేలాడే గొర్రె గంట తీసుకుంది. ఎవరూ చెప్పకుండానే తన మెడలో తానే వేసుకుంది. గంట గణగణమంది.

“పొద్దున ఫోను మోగలేదు, ఎజే,” అంది కిర్గిజ్‌లో. “ఇప్పుడు ఏడవొచ్చా?”