ఆదివారం సీసాలు

"పెర్రో అంటే కుక్క," అన్నాడు వెంకటరామారావు, నోటుపుస్తకంలోంచి తల ఎత్తకుండా. "మన బండి ఱ ఉంటుందే, అలా పలకాలి. జర్మన్ల వల్ల కాదది. మనకి పుట్టుకతో వచ్చింది."

"అరవై తొమ్మిదేళ్ళొచ్చాక కుక్కని పిలవడం నేర్చుకుంటున్నారన్నమాట," అంది బాలామణి పప్పు కడుగుతూ.

కొలోన్‌లో ఉన్న కొడుకు శశాంక్ దగ్గర మూడు నెలలుండి పోదామని వచ్చారు మొగుడూ పెళ్ళాం. వచ్చిన మూడో వారానికి కరోనా అని విమానాలు ఆపేశారు. ఎనిమిది నెలలైంది. వీసా పొడిగింపుకి టెర్మిన్, అంటే ఆఫీసువాళ్ళ అపాయింట్‌మెంట్, దొరకడానికే శశాంక్ తలప్రాణం తోకకొచ్చింది.

ఈ దేశంలో వెంకటరామారావుకి ఏదీ నచ్చలేదు. మూతికి గుడ్డ కట్టుకుని, బారెడు దూరంలో నిలబడి, రొట్టెల కొట్టులో మూగవాడిలా వేలు చూపించడం నచ్చలేదు. ఒక ఆదివారం మిక్సీ వేస్తే కింది వాటా ముసలావిడ వచ్చి తలుపు కొట్టింది. ఆదివారం ఎవరూ చప్పుడు చెయ్యకూడదట.

"కొబ్బరి పచ్చడికి కూలిపోయే దేశం," అన్నాడాయన ఈసడింపుగా.

అలాంటి మనిషి ఉన్న ఊరి భాష వదిలేసి స్పానిష్ పట్టుకున్నాడు.

కూతురు సంయుక్త స్పెయిన్‌లో ఉంటుంది. అక్కడివాణ్ణే పెళ్ళాడింది. "ఇక నీ గొంతు నాకు వినపడకూడదు," అన్నాడీయన తొమ్మిదేళ్ళ కిందట. ఆ పిల్ల వినపడనివ్వలేదు. మనవరాలు పుట్టిన సంగతి కూడా కొడుకు చెబితేనే తెలిసింది.

ఏప్రిల్‌లో టీవీలో స్పెయిన్ ఆసుపత్రులు చూపిస్తుంటే ఆయనకి అన్నం సయించలేదు. మూడోరోజు కొడుకుని పక్కకి పిలిచి అడిగాడు, "దానికెలా ఉందిట?"

వారం తర్వాత శశాంక్ జవాబు తెచ్చాడు. "నవంబర్లో పాప పుట్టినరోజు ఆదివారం వచ్చింది నాన్నా. ఆ రోజు పదకొండింటికి వీడియో చెయ్యమంది. ఐదు నిమిషాలు. పాప నీతో మాట్లాడితే తర్వాత తనూ మాట్లాడుతుందిట. మాట్లాడకపోతే ఇక ఇంతేనట."

"స్పెయిన్‌లో పుట్టిన పిల్లకి తెలుగెక్కణ్ణించి వస్తుంది?" అని ఆయనే తేల్చేసి, ఆ సాయంత్రమే ఫోన్లో స్పానిష్ నేర్పే యాప్ పెట్టించుకున్నాడు.

"మీకు తెలియనిదేముంది," అని మూతి తిప్పుకుంది బాలామణి.

కరెంటాఫీసులో ప్రమోషన్ పరీక్షలకి బట్టీ పట్టినట్టే పట్టాడు. పొద్దున్న క్రియలు, మధ్యాహ్నం జంతువులు, సాయంత్రం చుట్టరికాలు. యాప్ తప్పని చెప్పినప్పుడల్లా దాన్ని తిట్టాడు. బాలామణి ఆయన్ని తిట్టింది. "కన్నకూతురితో తెలుగులో మాట్లాడ్డం రాని మనిషికి పరభాషొకటా?"

ఆవిడకి ఉన్న షికారు ఒక్కటే. ప్రతి ఆదివారం పదిన్నరకి రెండు ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని, వీధి చివర ఇనప డబ్బాలో పారేసొస్తానని బయల్దేరేది. గంట దాటితే గానీ వచ్చేది కాదు. కాకినాడలో ఉన్నప్పుడూ అంతే, ఆదివారం గంటసేపు లైబ్రరీ అనేది.

"రెండు సీసాలకి గంటటే?" అన్నాడొకసారి.

"తెల్లవాటికో డబ్బా, పచ్చవాటికో డబ్బా. మీలా అన్నిటినీ ఒక్క గాటన కట్టరిక్కడ."

ఆదివారం పదకొండింటిదాకా ముసుగు తియ్యని శశాంక్‌కి ఈ సీసాల సంగతే తెలీదు.

పుట్టినరోజు ముందు వారం పెద్దాయన నోటుపుస్తకం మూసి, చాలాసేపు దాని అట్టమీద చెయ్యి వేసుకుని కూచున్నాడు.

"ఆ పిల్ల నాతో మాట్లాడకపోతే, ఏమే?"

బాలామణి గిన్నె తుడిచి బోర్లించింది.

"చదువుకోండి," అంది చివరికి. "ఆ నోటికి కాస్త నొప్పి తెలియాలి."

పుట్టినరోజు ఆదివారం ఆయన తొమ్మిదికే గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పదిన్నరకి బాలామణి మేకుకున్న సంచి తీసింది.

"ఇవాళొక్కరోజూ ఇంట్లో ఉండవే," అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం ఆవిడ పెళ్ళైన కొత్తలో కూడా వినలేదు. సంచి మళ్ళీ మేకుకి తగిలించి, వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడింది.

శశాంక్ ఫోన్ని పుస్తకాల దొంతికి ఆనించి అవతలికి వెళ్ళాడు. తెర వెలిగింది. ముందు ఒక చెయ్యి కనిపించింది. ఆ గాజులు ఆయన గుర్తుపట్టాడు. చెయ్యి పక్కకి తప్పుకుంది. రెండు పిలకలు, ముందు పన్ను ఊడిన పిల్ల.

"సోయ్ తు అబువేలో," అన్నాడు వెంకటరామారావు. నేను మీ తాతని అని.

పిల్ల రెప్పెయ్యకుండా చూసింది.

మళ్ళీ అన్నాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పబోతే సగంలో నాలుక మడతపడింది. ఒక నిమిషం పోయింది. పిల్లి, కుక్క, గుర్రం, వచ్చిన మాటలన్నీ ఏకరువు పెట్టాడు. రెండో నిమిషం, మూడో నిమిషం. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆరేడు నెలల చదువు అయిపోయి, ఇక చెప్పడానికి ఒక్క మాటా మిగల్లేదు. తెరకి అవతల ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది.

అప్పుడా పిల్ల తెరకి దగ్గరగా జరిగి, ఆయన భుజం మీదుగా వెనక్కి తొంగి చూసి, అచ్చు బాలామణిలాగే కాకినాడ దీర్ఘం తీస్తూ తెలుగులో అడిగింది: "అమ్మమ్మాఁ, ఇవాళ సీసాలు పారెయ్యడానికి వెళ్ళలేదేంటి, రోజూ కుక్కా కుక్కా అని చదువుతాడన్నావే, ఆ తాతయ్య ఈయనేనా?"