కడుపు చలవ

సెలైన్ స్టాండు చక్రం మళ్ళీ గుమ్మం దగ్గర ఇరుక్కుంది. అతను దాన్ని పాదంతో ఎత్తి లోపలికి నెట్టేలోపే భార్య గోడ పట్టుకుని బాత్రూములోకి వెళ్ళిపోయింది.

"ఇక్కడే ఉండండి. ఎక్కడికీ వెళ్ళకండి," అంది లోపల్నుంచి. గొంతులో తడి లేదు.

అంతా ఒక పంటితో మొదలైంది. చిగురు వాచి చీము పడితే ఘాటైన యాంటీబయాటిక్ వాడారు. పన్ను నెమ్మదించింది గానీ పొట్ట తిరగబడింది. తాగిన నీళ్ళు తాగినట్టే పోతున్నాయి. మందు మారిస్తే తగ్గినట్టే తగ్గి, ఇంకా ఉధృతంగా వచ్చింది. ఆమె చేతి గడియారం మోచేతి దాకా జారుతోంది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే అతనికి వెంట్రుకవాసి తేడా కూడా కంటికి ఆనుతుంది. భార్య తరిగిపోతుంటే మాత్రం చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చేతకావడం లేదు.

డాక్టరుగారు అతన్ని వరండాలోకి పిలిచారు.

"పెద్దపేగంటే చెత్త పోయే గొట్టమనుకుంటారు అందరూ. మనకి అరగని పీచుని అక్కడుండే సూక్ష్మజీవులు పులియబెడతాయి. అందులోంచి వచ్చేదే పేగు గోడకి తిండి. ఆ గోడ బాగుంటేనే నీళ్ళనీ ఉప్పునీ ఒంట్లోకి పీల్చుకునేది. మీ ఆవిడ వాడిన మందు చెడ్డవాటితో పాటు మంచివాటినీ ఊడ్చిపారేసింది. ఖాళీ ఇల్లు చూసి ఓ పాడు క్రిమి కాపురం పెట్టింది."

"మరి దానికి మందు?"

"మందుతో ఇక లాభం లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలంలోంచి ఆ మంచి సూక్ష్మజీవుల్ని తీసి, వడగట్టి, గొట్టంతో ఈవిడ పెద్దపేగులోకి పంపాలి."

అతను ముఖం చిట్లించాడు. డాక్టరుగారికి అలాంటి ముఖాలు అలవాటే.

"నాది తీసుకోండి," అన్నాడు.

"ఈమధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?"

వాడాడు. వేలికి గాజుపెంకు గుచ్చుకుని పుండు పడితే.

"అయితే మీరు పనికిరారు. ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఇంట్లో అమ్మ ఉంది. అదే చిక్కు.

కిందటేడు భార్యకి నెలలు నిండకుండానే కడుపు పోయినప్పుడు తల్లి ఓ మాట జారింది. "కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండాల్సింది." అంతే. ఆ మాటతో ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిశాయి. అత్తాకోడళ్ళు ఎదురుపడితే ఎవరో ఒకరు గోడకి తప్పుకోవడమే. "ఇంకెప్పుడూ నా కడుపు జోలికి ఆవిడ రావద్దు," అని భార్య అతని చేత ఒట్టేయించుకుంది. ఎవరికీ ఎదురు చెప్పలేక అతను రెండు చోట్లా సగం సగం తింటూ నెట్టుకొస్తున్నాడు.

ఇంటికెళ్ళేసరికి తల్లి చిక్కుళ్ళు వలుస్తోంది. అతను నేల చూస్తూ, నసుగుతూ, ఎలాగో విషయం బయటపెట్టాడు.

"అదా? దానికింత నీళ్ళు నమలడం దేనికిరా? నీకు ముడ్డి కడిగినదాన్ని, నా దగ్గరా నీకు సిగ్గు?" అంది తల్లి.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళింది. రక్తం ఇచ్చింది, వాళ్ళు అడిగిందల్లా ఇచ్చింది. ఫలితాలు వచ్చాయని కబురొస్తే మళ్ళీ ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చాక చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే చాలాసేపు నిలబడింది.

"ఏమన్నారమ్మా?"

"చూసుకుంటాం, కంగారుపడొద్దన్నారు." కాళ్ళు కడుక్కుంటూ, "నేను వెళ్ళినట్టు దానికి చెప్పకు. ఎప్పుడూ చెప్పకు," అంది.

తర్వాత డాక్టరుగారు అతనితో, "ఏర్పాటైంది. ఎవరిదని మాత్రం అడక్కండి, ఎవరికీ చెప్పం," అన్నారు. అడగాల్సిన అవసరం అతనికి లేదు.

గొట్టం వేసిన కొద్దిరోజులకే ఆమె ఒక పూటంతా కదలకుండా నిద్రపోయింది. లేచి, ఆకలేస్తోందంది. ఆ మాట విన్న అతను వరండాలోకి పోయి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చింది. ముఖంలో కళ వచ్చింది. పొయ్యిలు మాత్రం రెండే. తల్లి ఎదురొస్తే భార్య గోడకి తప్పుకుంటూనే ఉంది. అతను చూస్తూ, నోరు కుట్టేసుకుని, సగం సగం తింటూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె ఉండబట్టలేక అడిగింది. "చావు దాకా వెళ్ళొచ్చాను. మీ అమ్మగారు ఒక్కసారైనా తొంగిచూశారా?"

అతనిక ఆగలేకపోయాడు. "నీ పేగులో ఇప్పుడు నీళ్ళు నిలుస్తున్నాయంటే అది మా అమ్మ పెట్టిన భిక్ష. నీకు చెప్పొద్దని మాట తీసుకుంది."

ఆమె లేచి, తల కూడా దువ్వుకోకుండా, అత్తగారి గదిలోకి నడిచింది. అతను భయపడుతూ వెనకే వెళ్ళాడు.

"అత్తయ్యా, మీరు లేకపోతే నేను లేను," అంటూ ఒళ్ళో తల పెట్టేసింది.

తల్లి బిత్తరపోయి కొడుకు వైపు చూసింది. ఏదో చెప్పబోయింది. ఒళ్ళోని తల వెక్కిళ్ళకి ఊగుతోంది. గాల్లో ఆగిన చెయ్యి మెల్లగా కోడలి జుట్టు మీదికి దిగింది.

"ఊరుకోమ్మా. ఆరోజు నా నోరు పడిపోయినా బాగుండేది. నీ కడుపు చల్లగా ఉండాలి," అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఒకే పొయ్యి వెలిగింది. చాలాకాలానికి అతను ఒక్కచోటే కడుపునిండా తిన్నాడు. కోడలు అత్తగారికి రెండోసారి వడ్డించింది, వద్దంటున్నా వినలేదు.

భోజనాలయ్యాక తల్లి పెరట్లో గిన్నెలు తోముతుంటే అతను వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మాట తప్పాను. కోపమొచ్చిందా అమ్మా?"

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. కోడలు వింటుందేమోనని ఒకసారి వంటింటి కిటికీ వైపు చూసి, గొంతు బాగా తగ్గించింది.

"నాది పనికిరాదన్నార్రా."