కర్కాటక రాశికి ఆధారం

"నేను రాను. ఆ ఆటోని వెనక్కి పంపించెయ్యండి."

ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండోదాని కోసం వెతుక్కుంటున్న మాస్టారు అలాగే ఆగిపోయారు. ఆస్పత్రికి బయల్దేరాల్సిన భార్య కుర్చీలో తాపీగా కూర్చుని, దినపత్రికని ముక్కు దాకా తెచ్చుకుని భూతద్దంలోంచి చూస్తోంది. ఆవిడ కళ్ళలో శుక్లాలు బాగా ముదిరిపోయాయి. ఇంకా నాన్చితే చూపు దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

"ఇప్పుడేమొచ్చింది?"

"ఏమొచ్చిందా? వినండి. కర్కాటకం. 'కత్తి పట్టినవాడికి తల అప్పగించకండి. నవ్వుతూ కబుర్లు చెప్పేవాడే కోస్తాడు.' ఆ డాక్టరు ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు!"

మాస్టారు రెండో చెప్పు సంగతే మర్చిపోయారు. ఆ రెండు ముక్కలూ రాసింది సాక్షాత్తూ ఆయనే.

ఆ పత్రికలో సిద్ధాంతి అంటూ ఎవరూ లేరు. పాత ఆదివారం అనుబంధాల్లో అచ్చయిన కథల్లోంచి రోజుకొకటి ఏరుకుని, దాని ఆధారాల్ని పన్నెండు రాశుల్లో దాచిపెట్టడం మాస్టారి పని. వాటిని కలుపుకుని అది ఏ కథో పాఠకులు పట్టుకోవాలి. ఇవాళ్టి కథ ఒక క్షురకుడిది. ఇవి జోస్యాలు కావు, పజిల్ అని శీర్షిక కింద రోజూ చిన్న అక్షరాల్లో వేస్తారు. తన రాశి తప్ప మిగతా పదకొండూ ఆవిడకి అక్కర్లేదు, ఆ చిన్న అక్షరాలు భూతద్దానికి కూడా ఆనవు.

"అది జోస్యం కాదే! నేను రాసిన పజిల్. అందులో కత్తి గడ్డం గీసేది."

ఆవిడ భూతద్దం దించి ఆయన వైపు జాలిగా చూసింది. "మీ రాశేదో మీకే గుర్తుండదు. మీరు ఊరందరికీ ఫలాలు రాస్తారా?"

మాస్టారు పత్రిక లాక్కుని ఆ చిన్న అక్షరాలు గట్టిగా చదివి వినిపించారు.

"భలే! నాకు కనబడదనేగా, అప్పటికప్పుడు కల్పించి చదివేస్తున్నారు?"

ఆటో వెళ్ళిపోయింది. మాస్టారు ఆస్పత్రికి ఫోన్ చేసి, బతిమాలి, ఆపరేషన్ని మర్నాటికి మార్పించుకున్నారు. అక్కణ్ణించి తిన్నగా పత్రికాఫీసుకి వెళ్ళారు. దారి పొడుగునా ఆయనకి ఒకటే భయం. తను సరదాగా గిలికిన వాక్యం తన ఇంటి దీపాన్నే ఆర్పేస్తుందేమోనని.

ఎడిటర్ మర్నాటి ఫలాలు చదువుతూ కర్కాటకం దగ్గర ఆగాడు.

"'కళ్ళకి కమ్మిన మంచు విడిపోయే రోజు. తెల్లకోటు వేసుకున్నవాణ్ణి నమ్మి వెళ్ళండి. కత్తికి జంకకండి.' ఏంటండీ ఇది? రేపటి కథ పడవవాడిది కదా!"

"మంచులో పడవ నడుపుతాడుగా. మంచు సరిపోయింది."

"మరి కోటు?"

"చలికి వేసుకున్నాడనుకోండి."

"కత్తి?"

మాస్టారు తల గోక్కున్నారు. "తాడు కోసుకోవడానికి..."

"ఆ కథలో తాడే లేదు మాస్టారూ! మీరు పెట్టే ఆధారాలు గురి తప్పవని మీకు పేరు. రేపు పాఠకులు నన్ను ఉతికి ఆరేస్తారు."

మాస్టారు ఇంక దాచలేక ఉన్నదంతా వెళ్ళగక్కారు. "నేను దగ్గితే తప్ప ఎదురుగా ఉన్నది నేనో, తలుపుకి తగిలించిన చొక్కానో తనకి తెలియడం లేదండీ. ఈ ఒక్కరోజుకీ పజిల్ పోతే పోనివ్వండి."

ఎడిటర్ పకపకా నవ్వాడు. "ఈ రోజుల్లో కూడా రాశిఫలాలు నమ్మేవాళ్ళున్నారా? అమ్మగారు మరీ అమాయకురాలు. సరే, వేసేద్దాం. రేపు తిట్లొస్తే మాత్రం మీ ఇంటికే పంపిస్తాను."

మర్నాడు తెల్లారేసరికి ఆవిడ చీర మార్చుకుని, సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"లేవండి, లేవండి! ఆ మహానుభావుడు కత్తికి కూడా జంకొద్దన్నాడు. నిన్న వెళ్ళి ఉంటే ఏమయ్యేదో! నా మాట ఎప్పుడైనా విన్నారా?"

ఆస్పత్రిలో లోపలికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి మాస్టారి చొక్కాని వదల్లేదు. మాస్టారు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు.

"భయమెందుకు? సిద్ధాంతి చెప్పాడుగా."

"ఆయన చల్లగా ఉండాలి. ఆయన్ని కట్టుకున్న ఆవిడ ఎంత అదృష్టవంతురాలో" అంటూ ఆవిడ మాస్టారి వైపు ఎత్తిపొడుపుగా చూసింది. మాస్టారు ఆ దీవెన, ఆ పొగడ్త రెండూ కలిపి మింగేశారు.

తలుపు మూసుకుంది. బయట బెంచీ మీద, కళ్ళలో మందు చుక్కలు వేయించుకున్నవాళ్ళు వరసగా రెప్పలు మూసుకుని, తలలు వెనక్కి వాల్చుకుని ఉన్నారు. మాస్టారు వాళ్ళ పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. గోడ గడియారం ఎంతకీ కదలదు. చివరికి నర్సు తల బయటపెట్టింది.

"బాగా జరిగిందండీ. కంటికి ఢోకా లేదు."

"అమ్మయ్య!" అన్నారు మాస్టారు, హాలంతా వినబడేట్టు.

పక్కన కళ్ళు మూసుకున్న మనిషి ఉలిక్కిపడ్డాడు. "ఎవరూ, మాస్టారా?"

మాస్టారు తిరిగి చూసి నోరెళ్ళబెట్టారు. ఎడిటర్!

"మీరేంటండీ ఇక్కడ?"

ఎడిటర్ కళ్ళు తెరవకుండానే ఆయన చెవి కోసం తడుముకుంటూ వంగాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నాకూ శుక్లమే. ధైర్యం చాలక ఎప్పటినుంచో వాయిదా వేస్తున్నాను. పొద్దున్న పేపరు చూశాక ఇంక ఆగలేకపోయాను... నాదీ కర్కాటకమే కదండీ!"