కల్లంలో ప్రార్థన

"నాలుగు ఆదివారాల నుంచి గుడికి రాలేదు. దేవుడికంటే మిరపకాయలు ఎక్కువయ్యాయామ్మా?" అన్నాడు పాస్టరు నెహెమ్యా, కల్లం అంచున నిలబడి. తెనాలి వైపు నుంచి వెల్దుర్తికి ఆయన కొత్తగా వచ్చాడు.

లీలావతి తలెత్తలేదు. ఎండబోసిన కాయల్ని కాలితో తిరగేస్తూనే, "వచ్చిన దారినే పోండి అయ్యగారూ" అంది.

ఆయనకు ఒళ్ళు మండింది. కారణం అడగలేదు. బైబిలు ఛాతీకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని గొంతెత్తాడు.

"ప్రభువా, ఈ బిడ్డ కఠిన హృదయాన్ని కరిగించు. ఎండిన ఈ నేల మీద సమృద్ధిగా వర్షం..."

"నోరు ముయ్యండి!"

ఆయన కళ్ళు తెరిచాడు. లీలావతి ఎదురుగా వచ్చి నిలబడింది.

"కాయలు కల్లంలో ఉంటే వాన అడిగేదేంది? పోయిన నెల్లో గుడిలోనూ ఇంతే. వద్దని చెప్పబోతే నన్ను కూర్చోమన్నారు. మూడో రోజే కురిసింది. మొదటి కోతంతా బూజు పట్టి పోయింది."

"వాన... నా ప్రార్థనకే పడిందంటావా అమ్మా?"

"మరి? దేవుడు మీ మాట చానా వింటాడు అయ్యగారూ. మీరే మా మాట వినరు."