నాలుగో కోర్

“మూడు కోర్లకి చెప్పి నాలుగోదాన్ని వదిలేశావేం?”

అక్క తెర మీద వేలు పెట్టింది. కోర్లంటే చిప్‌లో లెక్కలు వేసే భాగాలు; ఆ చిప్ తయారుకాకముందే దాన్ని నడిపి చూసే సిమ్యులేటర్ అది. పక్కన కూర్చున్న కళ్లజోడు కుర్రాడు రాసిన మార్పు అందులోకి వెళ్లాలంటే ఆవిడ ఒప్పుకోవాలి.

“దాన్ని ఎలాగూ ఆపేస్తాం కదక్కా. కబురు దండగనుకున్నా.”

“ఆపేదాకా అది పని చేస్తూనే ఉంటుంది కదరా! మెమరీలో విలువ మారింది. అది మాత్రం పాతదే పట్టుకుని లెక్కలు వేసుకుంటోంది, అంతా సవ్యంగానే ఉందనుకుని, పాపం.”

కళ్లజోడు తల దించుకున్నాడు. ఇంతోటిదానికి అంత ముడుచుకుపోవాలా అని ఆమెకి నవ్వొచ్చింది.

గుమ్మంలోంచి మేనేజర్ కేకేశాడు: “ఇంకా తేల్లేదుటోయ్? సోమవారం నుంచి ఆవిడ కుర్చీ నీదేగా, నువ్వే కానిచ్చెయ్!”

తెర వెనక ఆమెని చూసి, నాలుక్కరుచుకుని వెళ్లిపోయాడు.

“ఎంతమందికి తెలుసు?”

“అందరికీ అక్కా. ఎలాగూ పంపించేసేవాళ్లకి ముందే చెప్పడం దండగన్నారు.”

ఆమె ఆ కోడ్ వైపు తిరిగింది. ‘తిరస్కరణ’ నొక్కింది.

“దిద్దుకురా. ఆ నాలుగోదానికైనా చెప్పండి.”